నలభై ఆరో పేజీ

కాలేజీల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "మేడం, మీ సర్వీసులో మీరు గర్వపడే రోజు ఏది?" అని. అలాంటి రోజు కోసం చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు. సిగ్గుపడే రోజు మాత్రం వెతక్కుండానే దొరుకుతుంది. అదే చెబుతాను. గర్వపడే రోజుల సంగతి చెప్పడానికి మీ ప్రిన్సిపాళ్లు ఎటూ ఉన్నారు.

నేను తత్వశాస్త్రం చెప్పేదాన్ని. ఉద్యోగం జమ్మలమడుగులో, కాపురం ప్రొద్దుటూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఒకసారి కండక్టరు అడిగాడు, ఏం పాఠం చెబుతారని. చెప్పాను.

"ఓ, తత్వాలా! బ్రహ్మంగారిమఠంలో మా మామ బలే పాడతాడు మేడం. మీరు తంబూర గూడా నేర్పిస్తారా?"

మొదట్లో ఇలాంటివాళ్లకు ఓపిగ్గా వివరించేదాన్ని. సర్వీసు పెరిగేకొద్దీ ఓపిక తగ్గి, "తంబూర లేదప్పా, ఉత్త తత్వాలే" అని టికెట్టు తీసుకునేదాన్ని. ఆలోచిస్తే కండక్టరు మామే నయం. ఆయన పాడితే వినేవాళ్లు ఉండేవాళ్లు.

నా క్లాసులో వినేవాళ్లు ఏడుగురు. రాష్ట్రం విడిపోయిన కొత్తలో సంగతి ఇది. ఆ ఏడుగురిలో నలుగురు వేరే గ్రూపులో సీటు రాక వచ్చినవాళ్లు, ఇద్దరు హాస్టలు కోసం చేరినవాళ్లు, ఒకమ్మాయి దరఖాస్తులో తప్పు గడిలో టిక్కు పెట్టి వచ్చింది. పాఠం అంతో ఇంతో శ్రద్ధగా వినేది ఆ అమ్మాయే. ఏ జన్మలో చేసిన తప్పో తెలుసుకోవాలని కాబోలు.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆయన కామర్స్ మనిషి, మంచివాడు, దేన్నయినా సూటిగా చెబుతాడు.

"మేడం, కాలేజీకి గ్రేడు ఇచ్చేదానికి బృందం వస్తాంది. మీ డిపార్ట్‌మెంటు పేరు మీద ఏదో ఒకటి జరగాల. జరిగినట్టు ఫోటోలు ఉండాల. లేకుంటే వచ్చే ఏడు మీ సబ్జెక్టు మూసేస్తారు. నా చేతుల్లో ఏం ల్యా."

నేను స్టాఫ్ రూముకు వచ్చి కూర్చున్నాను. ఎదురుగా తెలుగు లెక్చరర్ ఉన్నారు. ఆయనది చక్రాయపేట దగ్గర ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. నాతో మాట్లాడేటప్పుడు ఊరి భాషే మాట్లాడేవాడు. వేదిక ఎక్కితే మాత్రం ఆయన నోట ఒక్క మాట కూడా చక్రాయపేటలో అర్థమయ్యేది ఉండేది కాదు. ఏ కథయినా సరే, దానికొక వాదం తగిలించనిదే ఆయనకు నచ్చేది కాదు. ఆ వాదాలకు కావలసిన మాటల కోసం నా దగ్గరికి వచ్చేవాడు.

"మేడం, శూన్యతకూ, రాహిత్యానికీ తేడా ఏంది?"

"ఎక్కడ వాడాలి సార్?"

"వ్యాసం ఆఖర్లో."

"ఆఖర్లో అయితే శూన్యత బాగుంటుంది."

ఆయన రాసుకునేవాడు. క్లాసులో ఎవరికీ అక్కరలేని నా మాటలు ఆ విధంగా పత్రికల్లో అచ్చయ్యేవి. నాకూ లోలోపల సంతోషంగానే ఉండేది. అందుకే నేను ఆయన్ని చూసి నవ్వుకున్నప్పుడల్లా, ఆ నవ్వులో నా వాటా కూడా ఉందని మీరు గుర్తుంచుకోవాలి.

ప్రిన్సిపాల్ మాట చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. "జాతీయ సదస్సు పెడదాం మేడం. మీ సబ్జెక్టూ నా సబ్జెక్టూ కలిపి. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో తత్వశాస్త్రానికీ సాహిత్య విమర్శకూ గల సంబంధం."

"జాతీయం ఎట్లవుతుంది సార్?"

"బళ్లారిలో మా స్నేహితుడొకడు ఉండాడు. వాడొస్తే జాతీయమే."

విషయం నిజానికి మంచిదే. రెండో ప్రపంచ యుద్ధం నాటికి యూరపులో కొందరు తత్వవేత్తలు కథలూ నాటకాలూ రాయడం మొదలుపెట్టారు. మనిషి అంటే ఏమిటో నిర్వచించుకుంటూ కూర్చోవడం కన్నా, ఏదో ఒకటి తేల్చుకోక తప్పని గడియలో ఒక మనిషిని నిలబెట్టి చూపించడం మేలని వాళ్లకు తోచింది. ఆ గాలి మన దాకా వచ్చేసరికి తిరగబడింది. అక్కడ తత్వం కథలోకి దిగితే, ఇక్కడ విమర్శకులు కథను పట్టుకుని తత్వంలోకి ఎక్కించారు. అంతకుముందు విమర్శకుడు కథ బాగుందనో బాగాలేదనో చెప్పేవాడు. ఆ మాత్రం ఎవరైనా చెప్పగలరు కాబట్టి దానికి గౌరవం తక్కువ. అదే "ఈ కథ అస్తిత్వ వేదనకు ప్రతీక" అంటే ఎదురు చెప్పేవాడు ఉండడు. ఎదురు చెప్పాలంటే ముందు అర్థం కావాలి కదా. ఇటు తత్వశాస్త్రానికి చదివేవాళ్లు లేరు, అటు విమర్శకు బరువైన మాటలు లేవు. రెండూ ఒకదాని కొరత ఒకటి తీర్చుకున్నాయి.

మా సదస్సుకు ఉదాహరణ కూడా ఊళ్లోనే దొరికింది. జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు పల్లెలో ఆ కాలంలో ఒక బడిపంతులు ఉండేవాడు. గొర్రెల కాపరుల ఇంట పుట్టి, చదువుకుని, ఓ పది కథలు రాసి, నడివయసులోనే చనిపోయాడు. వాటిలో ఒక కథ పెద్ద పేరు తెచ్చుకుంది. మేమందరం దాన్ని ఏటి కథ అనేవాళ్లం. అందులో ఒక తండ్రి ఉంటాడు. ఏటి అవతల అత్తగారింట్లో కూతురు నొప్పులు పడుతోందని కబురు వస్తుంది. పుట్టింటికి తీసుకురావాలని అనుకుంటుండగానే ఏరు పొంగింది. వంతెన లేదు. తండ్రి మూట చంకన పెట్టుకుని గట్టుకు వచ్చి, నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడు. పొద్దు నడినెత్తికి వస్తుంది, పడమటికి వాలుతుంది. "అతడు అక్కడే కూర్చున్నాడు" అనే వాక్యంతో కథ ముగుస్తుంది.

ఆ వాక్యం మీద యాభై ఏళ్లు విమర్శ పండింది. వేదాంతులు ఏరంటే సంసారమనీ, తండ్రి జీవుడనీ అన్నారు. అస్తిత్వవాదులు దాటకపోవడమే అతని స్వేచ్ఛ అన్నారు. శైలి చూసేవాళ్లు ఆ వాక్యంలో కకారాలు లెక్కపెట్టారు. అభ్యుదయవాదులు పాలకవర్గాన్ని తిట్టారు. నిజం చెప్పాలంటే అక్కడ వంతెన లేదనే సంగతి గమనించింది వాళ్లొక్కరే. అందరికన్నా పేరు వచ్చింది మాత్రం కోస్తాకు చెందిన ఒక పెద్ద విమర్శకుడికి. అవతలి ఒడ్డున కూతురి మరణం ఈ కథకు మౌన కేంద్రం అని ఆయన సిద్ధాంతం. కథలో మరణం ఎక్కడా లేదు. లేదు కాబట్టే అది మౌన కేంద్రమైంది.

ఆ కథ మా డిగ్రీ పిల్లలకు పాఠం. తెలుగు లెక్చరర్ పదిహేనేళ్లుగా పెద్ద విమర్శకుడి సిద్ధాంతం ప్రకారమే చెబుతున్నాడు. దాని మీద ఒక పుస్తకం కూడా రాశాడు. ప్రొద్దుటూరు ప్రెస్సులో అచ్చవుతోంది. ముందుమాట ఆ పెద్దాయనదే. ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచాం. రచయిత కుటుంబం నుంచి ఎవరికైనా శాలువా కప్పితే ఫోటో బాగుంటుందని ప్రిన్సిపాల్ గారు అన్నారు. రచయిత చెల్లెలు ఒకామె ఉందని తెలిసి, సదస్సుకు పదిహేను రోజుల ముందు నేనూ తెలుగు లెక్చరరూ మోటారు సైకిలు మీద ఆ పల్లెకు వెళ్లాం.

ఎనభైకి దగ్గర్లో ఉన్న మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. గొర్రెల దొడ్డి ముందు నులకమంచం వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. శాలువా సంగతి చెప్పాం.

"శాలువా అట్లుండనీ. మా మనమరాలు మీ కాలేజీలోనే సదివింది. మా అన్న రాసిన కత పాటం జెప్పినారంట. ఆ కతలో నాయన ఏరు దాటల్యాదనీ, ఏటవతల కూతురు సచ్చిపోయిందనీ చెప్పినారంట. ఎవురు చెప్పింది?"

తెలుగు లెక్చరర్ టీ గ్లాసులోకి చూశాడు. "నేనే పెద్దమ్మా."

"నేను సచ్చిపోయినానా నాయనా?"

మాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

"ఆ కూతురు నేనే. ఆ నాయన మా నాయనే. మా అన్న మా ఇంటి సంగతే రాసినాడు. మా నాయన పగలంతా కూచున్నె మాట నిజమే. పొద్దుగూకేయాలకు ఏట్లో దిగినాడు. దిగి, దాటి, వచ్చినాడు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగుండాది. మంత్రసాని చేతులెత్తేసింది. మా నాయనకు గొర్లను చూసే చెయ్యి గదా, అడ్డం తిరిగిన పిల్లను ఎట్ల తిప్పాలో తెలుసు. గోడవతల నిలబడి చెప్తాంటే మంత్రసాని చేసింది." ఆమె దొడ్డి వైపు తిరిగి కేక వేసింది. "ఒరే, ఇట్ల రారా!"

అరవై దాటిన ఒక బక్కపలచని మనిషి తలపాగా సర్దుకుంటూ వచ్చి మాకు దండం పెట్టాడు.

"ఆ పొద్దు పుట్టినోడు వీడే."

మౌన కేంద్రం కొడుకు మాకు ఎదురుగా నిలబడి, ఇంకో గ్లాసు టీ తాగుతారా అని అడిగాడు.

"మా ఊర్లో కాలేజీ పిల్లోల్లంతా మా మనమరాల్ని అడుగుతాండారంట, మీ ముత్తాత పిరికోడంట గదే అని. అది ఏడ్సుకుంట ఇంటికొచ్చింది. మా అన్న అట్ల రాయల్యా" అంటూ ఆమె లోపలికి పోయి ఒక పాత పత్రిక తెచ్చింది. కథ మొదట అచ్చయిన పత్రిక అది. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. తెలుగు లెక్చరర్ పేజీలు తిప్పాడు. "అతడు అక్కడే కూర్చున్నాడు" అనే వాక్యం ఒక పేజీ అడుగున ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. మిగతా 46వ పేజీలో.

నలభై ఆరో పేజీలో, తలనూనె ప్రకటన పక్కన, సగం పేజీ కథ ఉంది.

జరిగిందేమిటో తర్వాత ప్రొద్దుటూరు లైబ్రరీకి పోయి చూస్తే తెలిసింది. పాత పత్రికలను బైండు చేసినతను అంచులు కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క తెగిపోయింది. కథల సంపుటం వేసినవాళ్లు ఆ బైండు పుస్తకం నుంచి నకలు తీసుకున్నారు. అందరూ ఆ సంపుటమే చదివారు. యాభై ఏళ్ల తత్వ విమర్శకు మూలపురుషుడు ఒక బైండరు. అతని కత్తి మాత్రం పదునైనదే.

తిరిగి వస్తూ తెలుగు లెక్చరర్ ఏటి వంతెన మీద బండి ఆపాడు. కింద ఇసుక తప్ప ఏమీ లేదు.

"పదైదేండ్లుగా చెప్తాండా మేడం. ఎంతమంది పిల్లోల్లు రాసుకోనుంటారు!"

"ఇప్పుడు ఏం చేద్దామంటారు?"

"ముందుమాట రాసిన ఆయప్పకు ఫోన్ చేసి చెప్తా. నా పుస్తకం ఆపేయమంటా."

ఆ మాట వినగానే నాకు ప్రిన్సిపాల్ గుర్తొచ్చాడు, బృందం గుర్తొచ్చింది. ముఖ్య అతిథి రానంటే సదస్సు లేదు. సదస్సు లేకపోతే నా సబ్జెక్టు లేదు. ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పి, ఆఖర్లో ఎక్కడో గుమాస్తా పనికి వేస్తారేమోనన్న దిగులు.

"సదస్సు అయిపోనిద్దాం సార్," అన్నాను. "తర్వాత మెల్లగా ఒక వ్యాసం రాయొచ్చు. సత్యం ఎక్కడికీ పోదు కదా."

ఇరవై ఎనిమిదేళ్ల అధ్యయన ఫలితంగా నేను సొంతంగా చెప్పిన తాత్విక వాక్యం అదొక్కటే. ఆయన నా వైపు చూశాడు. ఇలాంటి విషయాల్లో నా మాట మీద ఆయనకు గురి. సరేనన్నాడు.

సదస్సు రోజు వచ్చింది. బ్యానరు మీద తత్వశాస్త్రం బదులు తత్తరశాస్త్రం అని పడింది. మార్చడానికి వ్యవధి లేక, ఆ అక్షరాల దగ్గర ఒక పూలదండ వేలాడదీశారు. ఉదయం అందరికీ బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ పెట్టారు. బళ్లారి ఆయన రెండుసార్లు పెట్టించుకుని సదస్సు జాతీయ స్థాయిని నిలబెట్టాడు. వృద్ధురాలూ, కొడుకూ మొదటి వరసలో కూర్చున్నారు. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. శాలువా తీసుకుని పోతుందిలే అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను.

పెద్ద విమర్శకుడు గంటసేపు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు కూడా. మధ్యశతాబ్దిలో తత్వం సాహిత్యానికి కళ్లు ఇచ్చిందన్నాడు. చివరికి ఏటి కథ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ అవతలి ఒడ్డున ఆమె లేదు. ఆమె ఇక ఎప్పటికీ లేదు," అన్నాడు. మొదటి వరసలో ఆమె ఆకువక్క నములుతూ ఆయన్నే చూస్తోంది.

శాలువా కప్పారు. ఫోటో తీశారు. ఆమె కిందికి దిగకుండా మైకు దగ్గరికి నడిచింది.

"అందరికీ దండాలప్పా. కతలో కూతురు నేనే. సావల్యా. ఈడనే ఉండా."

పిల్లలు గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. మాకు చెప్పిందే మళ్లీ చెప్పింది. నాయన దాటినాడనీ, తనూ బిడ్డా బతికినామనీ, ఆ బిడ్డ ఇడుగో అనీ. కొడుకు లేచి నిలబడి దండం పెట్టాడు.

పెద్ద విమర్శకుడు మర్యాదస్తుడు. చిరునవ్వుతో మైకు అందుకున్నాడు. "అమ్మా, మీ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ సాహిత్యంలో జీవితం వేరు, రచన వేరు. కథ అచ్చయ్యాక దాని మీద రచయితకు కూడా హక్కు ఉండదు. విమర్శకుడికి అచ్చులో ఉన్న పాఠమే ప్రమాణం. అందులో ఆ తండ్రి కూర్చునే ఉన్నాడు."

ఆ మాట తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఆ కాలంలోనే పుట్టిన గట్టి సిద్ధాంతం అది. నేనూ పాఠం చెప్పాను. చిక్కల్లా ఒకటే, అచ్చులో ఉన్న పాఠం నలభై ఆరో పేజీ దాకా ఉంది.

"నేను హక్కులు అడగల్యా నాయనా," అంది ఆమె. "దాటినాడా, దాటల్యాదా? అదీ అడిగేది."

ఆయన నా వైపు తిరిగాడు. "తత్వశాస్త్రం మేడం ఇక్కడే ఉన్నారు. సత్యమంటే ఏమిటో వారు చెబుతారు."

లేచాను. సంగతి నాకు తెలుసు. రెండు మాటలు చాలు. దాటాడు, నలభై ఆరో పేజీ చూడండి. ఎదురుగా ప్రిన్సిపాల్ కూర్చుని ఉన్నాడు. ఫోటోగ్రాఫరు నా వైపే కెమెరా పెట్టాడు. నా నోరు దానంతటదే మాట్లాడింది.

"సత్యానికి అనేక ముఖాలుంటాయి. జీవిత సత్యం ఒకటి, కళాసత్యం ఒకటి. ఒకదానిలో ఆ తండ్రి ఏరు దాటాడు. ఇంకొకదానిలో దాటలేదు. రెండూ నిజమే."

చప్పట్లు మోగాయి. నా జీవితంలో నా ఉపన్యాసానికి అంత చప్పట్లు ఎప్పుడూ రాలేదు. ప్రిన్సిపాల్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

చప్పట్లు ఆగేదాకా ఆమె ఆగింది. "రెండూ ఎట్ల నిజమైతాయమ్మా?" అని అడిగింది. "నేను బతికుండానా, సచ్చినానా? అదీ రెండూనేనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కూర్చున్నాను. ఆమె వేదిక దిగి కొడుకు పక్కకు పోయింది.

కార్యక్రమంలో మిగిలింది వందన సమర్పణ. అది తెలుగు లెక్చరర్‌ది. ఆయన వేదిక ఎక్కి జేబులోంచి మడిచిన జిరాక్సు కాగితం తీశాడు. జీవితంలో మొదటిసారి వేదిక మీద ఊరి భాషలో మాట్లాడాడు.

"వందనాల కంటే ముందు ఒక పేజీ మిగిలిపోయింది. అది చదువుతా. సారు అచ్చులో ఉండేదే ప్రమాణం అన్యారు. ఇది అచ్చులో ఉండేదే. నలభై ఆరో పేజీ. నేను పదైదేండ్లు దీన్ని చూడకుండానే పాఠం చెప్పినా. తెలిసి కూడా పదైదు దినాలు నోరు మూసుకోనుండా. తప్పు నాది."

నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది.

ఆయన చదివాడు. చిన్న చిన్న వాక్యాలు. తండ్రి తలగుడ్డ బిగించి కట్టాడు. రెండు ఎండు సొరబుర్రలు చంకల కింద పెట్టుకుని నీళ్లలో దిగాడు. ఏరు అతన్ని చాలా దూరం కిందికి లాక్కుపోయింది. తడిగుడ్డలతో చీకట్లో నడిచి ఇల్లు చేరాడు. గోడకు నోరు ఆనించి, గొర్రె ఈనేటప్పుడు మాట్లాడే గొంతుతోనే మంత్రసానికి చెప్పాడు, తొందరపడొద్దు, నొప్పి తగ్గనీ, కాళ్లు దొరికేదాకా వెతుకు అని. కథ బిడ్డ ఏడుపుతో కూడా ముగియలేదు. గోడకు ఇవతల ఆ తండ్రి చేతులు గాలిలో కదులుతూనే ఉన్నాయి అనే వాక్యంతో ముగిసింది.

"రెండు బుర్రలు గాదు, మూడు," అంది ఆమె కిందనుంచి. "ఒగటి నడుముకు కట్టుకున్యాడు. మా అన్న మర్సిపోయినాడు."

అప్పుడు చప్పట్లు ఎవరూ కొట్టలేదు. పిల్లల్లో ఒకమ్మాయి కళ్లు తుడుచుకోవడం చూశాను. తప్పు గడిలో టిక్కు పెట్టిన అమ్మాయి ఆ అమ్మాయే.

భోజనాల దగ్గర పెద్ద విమర్శకుడు తెలుగు లెక్చరర్ని పక్కకు పిలిచి ఆ కాగితం నకలు ఒకటి అడిగాడు. ఆరునెలల తర్వాత ఆయన కొత్త వ్యాసం వచ్చింది. ఆ కథ ముగింపు మీద తనకు మొదటినుంచీ అనుమానం ఉండేదని రాశాడు. గాలిలో కదిలే ఆ చేతుల మీద ఇంకో సిద్ధాంతం కూడా కట్టాడు. నిజం చెప్పొద్దూ, అది బాగానే ఉంది.

సదస్సు విజయవంతమైందని నివేదిక పోయింది. అందులో నా ఫోటో పెద్దది. కాలేజీకి మంచి గ్రేడు వచ్చింది. మరుసటి ఏడు నా సబ్జెక్టు మూసేశారు. ప్రిన్సిపాల్ బాధపడ్డాడు గానీ ఆయన చేతుల్లో ఏం లేదు. నన్ను పులివెందులకు బదిలీ చేశారు. అక్కడ అన్ని గ్రూపులవాళ్లకూ వారానికి ఒక గంట మానవ విలువలు, నైతిక ప్రవర్తన చెప్పాలి. నేను చెప్పాను. సత్యం పలకడం మీద ఒక యూనిట్టు ఉండేది. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అది.

తెలుగు లెక్చరర్ ప్రెస్సుకు పోయి తన పుస్తకం ఆపించాడు. ముందుమాటతో సహా. అప్పటికి అచ్చయిన కాగితాలు ఏం చేశారని అడిగితే, ప్రొద్దుటూరులో బజ్జీలు ఎక్కువగానే అమ్ముడుపోతాయి మేడం అన్నాడు. ప్రమోషను కోసం ఆయన చూపించవలసిన పుస్తకం అదే. అది రాలేదు. అది లేకుండానే రిటైరయ్యాడు. కానీ మరుసటి ఏడు నుంచి క్లాసులో ఏటి కథ పూర్తిగా చదివి వినిపించేవాడట. చదివాక ఏ వాదమూ చెప్పకుండా, ఏమనిపించిందో మీరే చెప్పండి అని పిల్లల్ని అడిగి కూర్చునేవాడట. పరీక్షకు ఏం రాయాలో తెలియడం లేదని పిల్లలు ఫిర్యాదు కూడా చేశారు.

ఇన్నాళ్లూ ఆయన అరువు మాటల మనిషి, నేను అసలు సరుకు అనుకుంటూ వచ్చాను. అవసరం పడిన రోజున ఆయన అరువు మాటలన్నీ పక్కన పెట్టి సొంత మాట మాట్లాడాడు. నా దగ్గర వెతికితే సొంత మాట లేదు.

రిటైరయ్యాక ఒకరోజు ఒక్కదాన్నే ఆ పల్లెకు పోయాను. ఎందుకు పోయానో అడిగితే చెప్పలేను. ఆమెకు చూపు తగ్గింది. గొంతు గుర్తుపట్టి, దగ్గర కూర్చోబెట్టుకుంది. గొర్రెల సంగతీ, వానల సంగతీ మాట్లాడింది. మనవరాలికి బడిలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. తర్వాత, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగింది.

"ఆ పొద్దు రెండూ నిజమే అని ఏంటికన్యావమ్మా?"

నేను మొదలుపెట్టాను. సత్యాన్ని తత్వశాస్త్రం ఒక రకంగా చూస్తుందనీ, సాహిత్యం ఇంకో రకంగా చూస్తుందనీ. ఆమె అడ్డు రాకుండా వింటూ ఉంది. ఎవరైనా అడ్డు వస్తే నేను ఎంతసేపయినా మాట్లాడగలను. ఎవరూ అడ్డు రాకపోయేసరికి మాటలు అయిపోయాయి.

"భయమేసింది పెద్దమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. నా మీద కోపం ఉన్నట్టు లేదు.

"మా నాయనకూ అంతే. నేను తేరుకున్యాక అడిగినా, ఏంటికి నాయనా పగలంతా గట్టున కూచున్యావు అని. బయమైందిమ్మే, అన్యాడు. అంతే. ఇంగేం ల్యా." చేత్తో తడుముతూ నా మోచెయ్యి పట్టుకుంది. "బయమైతే కూచోవచ్చులేమ్మా. పొద్దుగూకేలోపల లేస్తే సాలు."

నేను రిటైరై అప్పటికి రెండేళ్లు.